తూటాకు తగ్గ స్ప్రింగు

బందరులో దీపావళి ఎప్పుడూ తడితోనే వస్తుంది. అక్టోబరు నెలాఖరు, నవంబరు మొదలు అంటే మాకు వాయుగుండాల కాలం. చిన్నప్పుడు కోనేరు సెంటర్లో కొనుక్కున్న రీలు తుపాకీలో ఎర్ర కాగితపు రీలు ఎక్కించి గుమ్మంలో నిలబడి కొడితే, పది చుక్కల్లో ఆరు టప్‌మనేవి, నాలుగు టిక్‌మని ఊరుకునేవి. తాతయ్య దగ్గరికి తీసుకెళ్తే ఆయన ముందు రీలును వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూసేవారు. తర్వాత తుపాకీ సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగి వదిలేవారు. "రీలు తడవలేదురా, స్ప్రింగు నీరసపడింది" అని, పాత సైకిల్ ట్యూబులోంచి సన్నటి రబ్బరు ముక్క కోసి సుత్తి చుట్టూ తగిలించేవారు. అంతే, పదికి పదీ పేలేవి.

ఒక చుట్టుకే ఇంత బాగుంటే రెండు చుట్లు వేస్తే ఇంకెంత బాగుంటుందో అని నేను రెండోది కూడా వేశాను. సుత్తి లాగడానికి నా వేలి బలం చాలలేదు. ఎలాగో లాగి వదిలితే కాగితం చిరిగి రీలు లోపలే ఇరుక్కుపోయింది.

తప్పు మందుదా, స్ప్రింగుదా? తాతయ్య ఆ రీలును నలుపుతూ వేసుకున్న ప్రశ్న చిన్నది కాదు. ఒలింపిక్స్‌లో పిస్టల్ పట్టుకుని నిలబడే షూటర్‌కూ, ఆ తుపాకీని బాగుచేసే ఆర్మరర్‌కూ ఇదే ప్రశ్న. పాయింట్ టూ టూ తూటాతో పనిచేసే తుపాకుల్లో అది మరీ సూటిగా ఎదురవుతుంది.

నాకు అది రెండోసారి ఎదురైంది గుడివాడలో డిగ్రీ చదువుతూ ఎన్‌సీసీలో ఉన్నప్పుడు. ఫైరింగ్ రోజున తెల్లవారకముందే లేపి లారీ ఎక్కించేవారు. తార్పాలిన్ మీద బోర్లా పడుకుని, భుజానికి పాయింట్ టూ టూ రైఫిల్ ఆనించి, ఒక్కొక్కరం అయిదేసి తూటాలు కాల్చాలి. అది బోల్ట్ యాక్షన్ తుపాకీ. ప్రతిసారీ చేత్తో బోల్టు లాగితే ఖాళీ ఖోకా బయట పడుతుంది, మళ్ళీ తోస్తే కొత్త తూటా లోపలికి వెళ్తుంది. నా మూడో తూటాకి ట్రిగ్గర్ నొక్కాను. టిక్‌మంది, పేలలేదు. కదలకుండా, గొట్టం టార్గెట్ వైపే ఉంచి పట్టుకోమని వెనక నుంచి మాకు ఫైరింగ్ నేర్పే ఉస్తాద్ కేక వేశారు. మందు ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంటుంది కాబట్టి అలా ఆగాలి. అర నిమిషం గడిచాక ఆయనే వచ్చి బోల్టు లాగారు.

ఆ తూటాను అరచేతిలో పెట్టి, పక్కన అంతకుముందు పేలిన ఖోకాను పెట్టి చూపించారు. పేలినదాని అంచు మీద గోటితో గట్టిగా గుచ్చినంత లోతు నొక్కు ఉంది. పేలనిదాని మీద వెలుతురులో అటూ ఇటూ తిప్పితే తప్ప కనపడని గీత ఉంది. "గోలీ బాగానే ఉంది, దెబ్బ సరిపోలేదు" అన్నారు. ఆ రైఫిల్ పక్కన పెట్టేశారు. సాయంత్రం ఆర్మరర్ దాని బోల్టు విప్పి, పాత స్ప్రింగును కొత్త స్ప్రింగు పక్కన బల్ల మీద పెడితే, ఆ రెండింటి మధ్య చిటికెన వేలి గోరంత తేడా. పాతది అంత పొట్టిదైపోయింది. ఎన్నో ఏళ్ళు నొక్కుకుంటూ, సాగుతూ పనిచేసిన స్ప్రింగు తన మొదటి పొడవుకు తిరిగి రాలేకపోయింది. ఆర్మరర్లు దీన్ని 'సెట్ అయింది' అంటారు.

ఇక ఆ అంచు సంగతి. పెద్ద తూటాలకు అడుగున మధ్యలో చిన్న టోపీలాంటి ప్రైమర్ ఉంటుంది, పిన్ను దాన్ని పొడుస్తుంది. పాయింట్ టూ టూ తూటాకు అలాంటి టోపీ లేదు. ఇత్తడి గొట్టం అడుగున అంచును మడిచి, ఆ మడతలోపల చుట్టూ ప్రైమర్ మందు పరుస్తారు. పిన్ను ఆ అంచును ఛాంబర్ గోడకేసి నొక్కితే రెండు ఇత్తడి రేకుల మధ్య మందు నలిగి నిప్పు పుడుతుంది. అందుకే దీనికి రిమ్‌ఫైర్ అని పేరు. మా రీలు తుపాకీలో ఎర్ర చుక్క నలగడానికీ దీనికీ సూత్రంలో తేడా లేదు. అమెరికాలో ఈ పద్ధతిలో మొదటి లోహపు తూటాను 1857లో స్మిత్ అండ్ వెసన్ తెచ్చింది. అదే ఇప్పటికీ పాయింట్ టూ టూ షార్ట్. ఇప్పుడు లోకమంతా వాడే పాయింట్ టూ టూ లాంగ్ రైఫిల్ 1887 నాటిది. దాని బుల్లెట్ వ్యాసం 5.7 మిల్లీమీటర్లు, మామూలుగా బరువు 2.6 గ్రాములు.

అంచులోపల మందును చుట్టూ సమానంగా పరచడం చెప్పినంత సులువు కాదు. ఒకచోట దళసరిగా, ఒకచోట పల్చగా పడొచ్చు. ఇత్తడి రేకు ఒక కంపెనీది మెత్తన, ఇంకో కంపెనీది గట్టి. అంచు మందం ఇంచుమించు ఒక మిల్లీమీటరు, కానీ పెట్టె పెట్టెకూ వెంట్రుకవాసి తేడా వస్తుంది. అంచు పల్చబడిందంటే బోల్టు ముఖానికీ ఛాంబర్‌కూ మధ్య తూటా వదులుగా కూర్చుంటుంది. అప్పుడు పిన్ను కొట్టిన దెబ్బలో కొంత తూటాను ముందుకు నెట్టడానికే ఖర్చయిపోతుంది. దిండు మీద మేకు పెట్టి కొట్టినట్టు. పోటీలకు వెళ్ళే షూటర్లలో తూటాల అంచు మందాన్ని కొలిచి, ఒకే మందం ఉన్నవాటిని విడిగా ఏరి పెట్టుకునేవాళ్ళున్నారు. చూసేవాళ్ళకు చాదస్తంలా కనిపిస్తుంది గానీ, వాళ్ళు చేస్తున్నది స్ప్రింగు ఇచ్చే దెబ్బ ప్రతిసారీ ఒకేలా ఖర్చయ్యేలా చూసుకోవడం.

గట్టి ఇత్తడి తూటా పేలడం లేదు కాబట్టి ఇంకా గట్టి స్ప్రింగు వేస్తే సరిపోతుందా? నా రెండో రబ్బరు చుట్టు గుర్తుకు వస్తుంది. పిన్ను మరీ బలంగా కొడితే అంచు చిల్లిపడి వేడి గ్యాసు వెనక్కి, అంటే షూటర్ ముఖం వైపు, చిమ్మే ప్రమాదం ఉంది. తూటా లేనప్పుడు కొడితే పిన్ను నేరుగా ఛాంబర్ అంచుకే తగిలి అక్కడ సొట్ట పడుతుంది. పాయింట్ టూ టూను ఖాళీగా కొట్టొద్దని క్యాడెట్లకు పదే పదే చెప్పేది ఇందుకే. పైగా పిన్ను కదిలిన క్షణానికీ బుల్లెట్ గొట్టం దాటే క్షణానికీ మధ్య తుపాకీ వణకకూడదు. గట్టి స్ప్రింగు పిన్నును త్వరగా చేరుస్తుంది, అది లాభం. కానీ గట్టిగా కుదిపేస్తుంది, అది నష్టం. 50 మీటర్ల రైఫిల్ పోటీలో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే. మన చొక్కా గుండీ అంత.

ఇంతవరకూ చెప్పింది కొట్టే స్ప్రింగు గురించి. దానికంటే చిక్కైనది రెండో స్ప్రింగు, దెబ్బ కాచుకునేది.

సెమీ ఆటోమేటిక్ తుపాకుల్లో బోల్టును చేత్తో లాగక్కర్లేదు. తూటా పేలిన దెబ్బే బోల్టును వెనక్కి తోస్తుంది, ఖోకాను బయటికి విసిరేస్తుంది. వెనకున్న స్ప్రింగు నొక్కుకుని, మళ్ళీ సాగి, బోల్టును ముందుకు తోసి, దారిలో కొత్త తూటాను ఛాంబర్‌లోకి ఎక్కిస్తుంది. పాయింట్ టూ టూలో ఇది జరిగే పద్ధతికి బ్లోబ్యాక్ అని పేరు. తాళం ఉండదు, గొళ్ళెం ఉండదు. బోల్టు తన బరువుతో తూటాకు ఆనుకుని ఉంటుంది, అంతే.

"అంటే పేలేటప్పుడు బోల్టును పట్టి ఉంచేది స్ప్రింగేగా?" అని చాలామంది అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. లెక్క వేసి చూస్తే తప్పని తెలిసింది. లాంగ్ రైఫిల్ తూటాలో గ్యాసు ఒత్తిడి గరిష్ఠంగా వాతావరణ ఒత్తిడికి 1,600 రెట్లదాకా వెళ్తుంది. ఆ ఒత్తిడి ఖోకా అడుగున ఉన్న 25 చదరపు మిల్లీమీటర్ల మేర మీద పడితే బోల్టును వెనక్కి నెట్టే బలం ఇంచుమించు 400 కిలోల బరువుకు సమానం. అంటే 75 కిలోల ధాన్యం బస్తాలు అయిదు ఒకదానిమీద ఒకటి పేర్చి, చిటికెన వేలి కొన అంత చోట నిలబెట్టినట్టు. దానికి ఎదురుగా స్ప్రింగు బలం ఎంత? కిలో, రెండు కిలోలు. అయిదు బస్తాలకు అది అడ్డం నిలవలేదు.

అడ్డం నిలిచేది బోల్టు బరువు. 2.6 గ్రాముల బుల్లెట్‌కు ఎదురుగా 200 గ్రాముల బోల్టు ఉందనుకుందాం. బోల్టు 77 రెట్లు బరువు కాబట్టి, బుల్లెట్ 77 మిల్లీమీటర్లు ముందుకు వెళ్ళేసరికి బోల్టు ఒక్క మిల్లీమీటరే వెనక్కి జరుగుతుంది. ఒత్తిడి తారస్థాయిలో ఉండేది బుల్లెట్ గొట్టంలో మొదటి అడుగులు వేస్తున్నప్పుడు. అప్పటికి బోల్టు ఇంకా బద్ధకంగా కదలడం మొదలుపెడుతూ ఉంటుంది, ఖోకా ఛాంబర్‌లోనే భద్రంగా ఉంటుంది. జడత్వం అని బడిలో చదివి మర్చిపోయిన మాట ఇక్కడ ప్రాణం కాపాడుతోంది. అందుకే బ్లోబ్యాక్ తుపాకీలో బోల్టును తేలిక చేసి ఆ లోటును గట్టి స్ప్రింగుతో పూడుస్తానని ఎవరైనా అంటే, ఆ ప్రయోగానికి దూరంగా ఉండాలి.

మరి స్ప్రింగు పని ఏమిటి? బుల్లెట్ వెళ్ళిపోయాక మొదలవుతుంది. సెకనుకు 325 మీటర్ల వేగంతో పోయే తూటా ఆ 200 గ్రాముల బోల్టుకు సెకనుకు 4.2 మీటర్ల వేగం ఇస్తుంది. మందు కాలిన గ్యాసు తోపు దీనికి అదనం. ఇప్పుడు అదే తుపాకీలో హై వెలాసిటీ తూటా వేశామనుకోండి, వేగం సెకనుకు 375 మీటర్లు. వేగం పెరిగింది 15 శాతమే. కానీ శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి బోల్టు మోసుకొచ్చే శక్తి 33 శాతం పెరిగింది. ఆ శక్తిలో కొంత సుత్తిని ఎక్కుపెట్టడానికి, కొంత రాపిడికి, కొంత స్ప్రింగు నొక్కడానికి పోగా, మిగిలింది బోల్టు వెళ్ళి వెనక గోడను గుద్దడానికి పోతుంది. స్ప్రింగు తన వాటా ఎంత తీసుకోగలదో ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. అదనంగా వచ్చిన 33 శాతమూ గోడ మీదకే.

ఎదురుగా ఇంకో రకం ఇబ్బంది. హై వెలాసిటీ తూటాకు అమర్చిన గట్టి స్ప్రింగు ఉన్న తుపాకీలో మెల్లగా పోయే పోటీ తూటా వేస్తే, బోల్టు పూర్తిగా వెనక్కి వెళ్ళకుండానే తిరిగి వచ్చేస్తుంది. ఖోకా బయట పడే కిటికీలో అడ్డంగానో నిలువుగానో ఇరుక్కుంటుంది. లేదా ఖోకా పోతుంది గానీ బోల్టు కొత్త తూటా వెనకదాకా వెళ్ళదు, ఖాళీ ఛాంబర్ మీదే మూసుకుంటుంది. షూటర్ ట్రిగ్గర్ నొక్కుతాడు, టిక్. బోల్టు మరీ జోరుగా వెళ్ళి వచ్చినా చిక్కే. మేగజైన్‌లో కింది తూటా పైకి లేచేలోపే బోల్టు దాన్ని దాటి ముందుకు పోతుంది. మేగజైన్‌కు కూడా దాని సొంత స్ప్రింగు ఉంది, దానికీ తన వేగం ఉంది. ఒకదానికొకటి తాళం కలవాలి.

తుపాకీ చరిత్రలో ఈ తాళం కోసం పడిన తిప్పలు ముచ్చటగా ఉంటాయి. అమెరికాలో వించెస్టర్ 1903లో సెమీ ఆటోమేటిక్ రిమ్‌ఫైర్ రైఫిల్ తెచ్చినప్పుడు దానికోసం ప్రత్యేకంగా ఒక తూటానే తయారు చేసింది. మామూలు తూటాలు దాంట్లో పట్టవు. ఆ రోజుల్లో నల్లమందు తూటాలు ఇంకా వాడకంలో ఉండేవి, వాటి మసి మెకానిజంలో పేరుకుని బోల్టును బిగదీసేది. ఏ తూటా పడితే అది వేసి తుపాకీని చెడగొట్టకుండా తలుపు అక్కడే మూసేశారు. 1941లో రెమింగ్టన్ 550 అందుకు పూర్తిగా ఎదురు దారి పట్టింది. షార్ట్, లాంగ్, లాంగ్ రైఫిల్ మూడూ కలిపి వేసినా ఏమీ తిప్పకుండా, మార్చకుండా పనిచేయాలి. ఎలా? ఛాంబర్‌ను కాస్త వెనక్కి జరగగలిగే విడి ముక్కగా చేశారు. పొట్టి తూటా పేలినప్పుడు గ్యాసు ఆ ముక్క ముందు భాగంలోకి చేరి, దాన్నీ దాని వెనకున్న బోల్టునూ కలిపి తోస్తుంది. పొడుగు తూటా ఆ సందును తానే మూసేస్తుంది, కాబట్టి అదనపు తోపు ఉండదు. బలహీనుడికి ఊతం ఇచ్చి, బలవంతుడిని తన మానాన వదిలేసే ఏర్పాటు. స్ప్రింగు మార్చకుండా తూటాల మధ్య తేడాను చెరిపేసిన ఈ ఆలోచన నాకు ఇప్పటికీ అబ్బురమే.

మనకు దగ్గరి ఉదాహరణ హైదరాబాదులో ఉంది. అక్కడి షూటర్ ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వ్యక్తిగత రజతం, జట్టుగా మను భాకర్, రిథమ్ సాంగ్వాన్‌లతో కలిసి స్వర్ణం తెచ్చింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లోనూ అదే పోటీలో దిగింది. 25 మీటర్ల పిస్టల్ అంటే పాయింట్ టూ టూ రిమ్‌ఫైర్, సెమీ ఆటోమేటిక్. మొదటి 30 తూటాలు నింపాదిగా, తర్వాతి 30 తూటాలు త్వరగా. ఆ రెండో భాగంలో టార్గెట్ మూడు సెకన్లు కనబడుతుంది, ఏడు సెకన్లు కనబడదు. ఆ మూడు సెకన్లలో చెయ్యి లేపి ఒక్క తూటా కాల్చాలి, అలా అయిదుసార్లు. 2012 లండన్‌లో విజయ్ కుమార్ రజతం గెలిచిన మగవాళ్ళ ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ ఇంకా గడుసుది. అక్కడ అయిదు టార్గెట్ల మీద అయిదు తూటాలు, మొదట 8 సెకన్లలో, తర్వాత 6 సెకన్లలో, చివరికి 4 సెకన్లలో. ఆ చివరి విడతలో తూటాకూ తూటాకూ మధ్య సెకను కూడా లేదు. ఆలోపు బోల్టు వెళ్ళి రావాలి, చెయ్యి కుదుటపడాలి, చూపు పక్క టార్గెట్‌కు పోవాలి.

ఆ ర్యాపిడ్ ఫైర్ పోటీలో 2004 దాకా షార్ట్ తూటా వాడేవారు. దాని బుల్లెట్ 1.9 గ్రాములే, తన్నుడు తక్కువ. 2005 నుంచి నియమం మారి లాంగ్ రైఫిల్ తూటానే వాడాలన్నారు. 2.6 గ్రాముల బుల్లెట్ వచ్చేసరికి బోల్టు మీద దెబ్బ మారింది, స్ప్రింగు మారాలి, గొట్టం పైకి లేచే తీరు మారింది. ఏళ్ళ తరబడి అలవాటుపడిన పిస్టళ్ళు ఒక్క నియమంతో పక్కకు వెళ్ళిపోయాయి. తూటాలు చేసేవాళ్ళూ తమ వైపు నుంచి సర్దుకున్నారు. ఎలీ లాంటి కంపెనీలు సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో సాఫీగా ఎక్కేలా విడిగా ఒక రకం తూటా చేస్తాయి.

స్ప్రింగును సర్దడం చేతుల్లో ఎలా ఉంటుందో నేను చూసింది మాత్రం తుపాకీలో కాదు, అవనిగడ్డలో ఒక డీజిల్ మెకానిక్ షెడ్డులో. నాగాయలంక నుంచి వచ్చిన ఒక పడవ ఇంజిను నల్లగా పొగ కక్కుతోంది. మేస్త్రీ నాజిల్ విప్పి టెస్టర్‌కు బిగించి, మీట నొక్కాడు. ముల్లు 160 దగ్గరే ఉండగా డీజిల్ చుక్కలు చుక్కలుగా కారింది. నాజిల్ లోపల సూదిని ఒక స్ప్రింగు నొక్కిపట్టి ఉంచుతుంది. పంపు ఒత్తిడి ఆ స్ప్రింగును మించినప్పుడే సూది లేచి డీజిల్ పొగమంచులా చిమ్మాలి. ఆ ఇంజినుకు 200 కావాలి. మేస్త్రీ స్ప్రింగు తీసి, దాని కింద రేకులా పల్చటి షిమ్ ఒకటి పెట్టి మళ్ళీ బిగించాడు. 190. ఇంకో షిమ్, ఇంకా పల్చటిది. మీట నొక్కితే 'కిర్ర్' మని శబ్దంతో దుమ్ములా చిమ్మింది.

"స్ప్రింగే మార్చేయొచ్చు కదా బాబాయ్?" అన్నాను.

"స్ప్రింగు గట్టిదయితే లేచే దగ్గర సరిపోద్దేమోగానీ, పూర్తిగా తెరుచుకునే దగ్గర బిగుసుకుపోద్ది అబ్బాయ్. మనకి కావాల్సింది మొదట్లో కాస్త బరువు. దానికి షిమ్ చాలు."

రాబర్ట్ హుక్ 1678లో అచ్చువేసిన సూత్రాన్ని ఆయన రెండు ముక్కల్లో చెప్పేశాడు. స్ప్రింగును ఎంత నొక్కితే అంత బలంగా ఎదురుతిరుగుతుంది. కాబట్టి స్ప్రింగులో సర్దడానికి రెండు వేర్వేరు సంగతులున్నాయి. ఒకటి, మొదట్లోనే ఎంత నొక్కి కూర్చోబెట్టాం అనేది. రెండోది, ఒక్కో మిల్లీమీటరుకు ఎంత చొప్పున బలం పెరుగుతుంది అనేది. షిమ్ మొదటిదాన్నే మారుస్తుంది. తుపాకీ బోల్టు స్ప్రింగుకూ ఇదే వర్తిస్తుంది. బోల్టు మూసుకోవడానికి చాలినంత మొదటి బరువు ఉండాలి, కానీ వెనక్కి పోయేకొద్దీ స్ప్రింగు మరీ బిర్రుగా మారకూడదు. మంచి బోల్టు స్ప్రింగు పొడుగ్గా, సన్నటి తీగతో, చాలా చుట్లతో ఉండటానికి కారణం ఇదే.

స్ప్రింగు గట్టిగా ఉందని రెండు చుట్లు కత్తిరించే అలవాటు చాలామందికి ఉంది, తుపాకీల్లోనే కాదు, మోటారు సైకిళ్ళలో, తలుపుల్లో కూడా. మెత్తబడుతుందని అనుకుంటారు. 20 చుట్ల స్ప్రింగులో రెండు తీసేస్తే మిగిలిన 18 చుట్లే మొత్తం వంపును పంచుకోవాలి. కాబట్టి మిల్లీమీటరు చొప్పున చూస్తే స్ప్రింగు 11 శాతం గట్టిపడుతుంది. మొదటి బరువు మాత్రం తగ్గుతుంది, ఎందుకంటే పొట్టిదైంది. అంటే బోల్టు మూసుకునే దగ్గర వదులు, వెనక్కి వెళ్ళాక బిర్రు. మేస్త్రీ చేసిందానికి సరిగ్గా తలకిందులు.

తీగ మందం సంగతి ఇంకా తీవ్రం. స్ప్రింగు గట్టిదనం తీగ వ్యాసానికి నాలుగో ఘాతంలో ఉంటుంది. 0.8 మిల్లీమీటర్ల తీగకు బదులు 0.9 తీగ వాడితే, కంటికి తేడా తెలియదు గానీ స్ప్రింగు 60 శాతం గట్టిపడుతుంది. తుప్పు దీన్ని వెనక్కి నడిపిస్తుంది. ఒక మిల్లీమీటరు తీగ మీద తుప్పు తిని 0.95 మిగిలితే 19 శాతం బలం పోయినట్టే. పైగా తుప్పు గుంట పడ్డ చోటే తీగ చిట్లుతుంది. దివిసీమలో ఇనుము ఎలా బతుకుతుందో తెలిసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. నాగాయలంకలో పొద్దున నూనె రాసిన గొళ్ళెం వారానికే ఎర్రబడుతుంది. ఉప్పుగాలి తగిలే చోట స్ప్రింగును సర్దడం కంటే ముందు దాన్ని తుడిచి, పల్చగా నూనె రాయడం ముఖ్యం. పల్చగా అని ఒత్తి చెబుతున్నాను. చిక్కగా రాసిన గ్రీజు మసినీ ఇసకనూ పట్టుకుని బోల్టును తానే ఆపుతుంది. అప్పుడు స్ప్రింగును నిందించి లాభం లేదు.

ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. పాయింట్ టూ టూ సీసపు బుల్లెట్ మీద మైనం పూత ఉంటుంది. మే నెలలో బందరులో లారీ క్యాబిన్‌లో వదిలేసిన పెట్టె తీస్తే ఆ పూత జిగటగా వేళ్ళకు అంటుతుంది. అది ఛాంబర్‌లో పేరుకుంటే తూటా చివరి అర మిల్లీమీటరు లోపలికి పోదు, పిన్ను దెబ్బ మళ్ళీ దిండు మీదే. ఒక మేలు మాత్రం ఎండ చేస్తుంది. పోటీ తూటాలు ధ్వని వేగం దాటకుండా తయారవుతాయి, దాటితే మళ్ళీ ఆ వేగానికి దిగేటప్పుడు బుల్లెట్ ఊగుతుంది. 15 డిగ్రీల దగ్గర గాలిలో ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు, 40 డిగ్రీల దగ్గర 355. చల్లటి ఊళ్ళో అంచు మీద నడిచే తూటా మా ఊళ్ళో నిశ్చింతగా వెళ్తుంది.

   

ఇంత చెప్పాక నా అభిప్రాయం కూడా చెప్పాలి. తూటాకు స్ప్రింగు సరిపడలేదంటే ముందు మార్చాల్సింది తూటా. తయారుచేసినవాళ్ళు బోల్టు బరువు, స్ప్రింగు, ఛాంబర్ మూడూ ఒక రకం తూటాను దృష్టిలో పెట్టుకుని కుదిర్చారు. ఆ రకం వాడితే సగం జబ్బులు రావు. ఇంకో రకం వాడక తప్పదంటే ఆ తుపాకీ కంపెనీయే ఇచ్చే స్ప్రింగు, అది కూడా లైసెన్సున్న ఆర్మరర్ చేతుల మీదుగా. మన దేశంలో పాయింట్ టూ టూకు కూడా 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి, మరమ్మతు చేసేవాళ్ళకూ ఉండాలి. సైకిల్ ట్యూబు ముక్కలు రీలు తుపాకీ దగ్గరే ఆగాలి.

కొత్త తూటా తుపాకీకి కుదిరిందో లేదో తెలుసుకోవడానికి మంచి షూటర్లు చేసే పని ఒకటుంది. టార్గెట్ వైపు చూసే ముందు వాళ్ళు నేల వైపు చూస్తారు. సెమీ ఆటోమేటిక్ పిస్టల్ ఖోకాలను కుడివైపు విసురుతుంది. బోల్టు ప్రతిసారీ ఒకే వేగంతో వెళ్తుంటే అవన్నీ దాదాపు ఒకే చోట పడతాయి. ఒకటి పాదం దగ్గర, ఇంకొకటి పక్క లేన్‌లో పడుతుంటే బోల్టు ఒకసారి నీరసంగా, ఒకసారి జోరుగా పోతోందన్న మాట. ఖోకా అంచు మీద పిన్ను నొక్కు కూడా చూస్తారు, అన్నింటి మీదా ఒకే లోతు ఉందా అని.

ఎన్‌సీసీలో ఫైరింగ్ అయ్యాక ఖోకాలన్నీ ఏరి, లెక్కపెట్టి అప్పగించాలి. ఒక్కటి తగ్గినా ఎవరూ కదలడానికి లేదు. ఆ రోజు నేను మోకాళ్ళ మీద కూర్చుని గడ్డిలో ఏరుతుంటే ఉస్తాద్ వచ్చి నా చేతిలోని గుప్పెడు ఖోకాలు తీసుకున్నారు, తార్పాలిన్ మీద వరసగా పేర్చారు, ఒక్కొక్కదాని అంచునూ ఎండకు తిప్పి చూశారు. పక్కన పెట్టేసిన రైఫిల్‌వి ఏవో ఆయన నన్ను అడగలేదు. వరసలోంచి తొమ్మిది ఏరి, విడిగా పెట్టారు.